జాజు గోడ, పాలపిట్ట గోడ: ఒకే గదిలో ఎదురెదురు రంగులు

పడకగదికి రంగు ఎంచుకోవడం వేరు, బట్టలు కుట్టే గదికి ఎంచుకోవడం వేరు. పడకగది గోడ మన కంటికి నచ్చితే చాలు. నా గదిలో గోడ ముందు ఒక మనిషి నిలబడుతుంది. ఆమె భుజం మీద చీర, నా చేతిలో అస్తరు గుడ్డ, దారపు ఉండ ఉంటాయి. గోడ ఎంత అందంగా ఉన్నా వాటి రంగును మార్చి చూపిస్తే నాకు పనికిరాదు. హనుమకొండలో మా ఇంటి ముందు గదిలోనే చాలా ఏళ్లుగా రవికలు కుడుతున్నాను. నిరుడు ఆ గదిలో ఎదురెదురు గోడలకు ఒకదానికొకటి పొంతన లేని రెండు రంగులు వేయించాను. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ వాటి మధ్యనే పని చేశాను. కాబట్టి ఇది దుకాణంలో రంగుల ముక్కలు చూపించే షేడ్ కార్డు చూసి చెప్పే మాట కాదు.

మొదటిది జాజు రంగు. ఎరుపు అంటే తప్పు, ఇటుక రంగు అన్నా పూర్తిగా కుదరదు. మన ఊళ్లలో అరుగులకు పూసి, ఆరిన తర్వాత తెల్లటి ముగ్గు గీతలు పెడతారు చూడండి, ఆ రంగు. చెలక నేలను ఎర్రగా చేసే ఐరన్ ఆక్సైడే జాజులోనూ ఉంటుంది. కంపెనీలు గోడలకు వేసే ఎమల్షన్‌లో కలిపే రెడ్ ఆక్సైడ్ కూడా అదే పదార్థం. అది ఎండకు వెలవదు. కిటికీ పక్క గోడకు ఈ గుణం ఎంత ముఖ్యమో బట్టలతో పని చేసేవాళ్లకు బాగా తెలుసు. బీరువా అద్దం లోంచి ఎండ తగిలి, మడత ఉన్నంత మేర గీతలా తెల్లబడిన ఎర్ర చీరలు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి.

రెండోదాన్ని నేను పాలపిట్ట నీలం అంటాను. దసరా నాడు వెతికి చూసి దండం పెట్టుకుంటామే, మన రాష్ట్ర పక్షి, దాని పేరే. అయితే ఎగిరేటప్పుడు రెక్కల్లో తళుక్కుమనే నీలం కాదు. దానిలో కాస్త బూడిద కలిసి, ఆకుపచ్చ వైపు కొంచెం జరిగిన నీలం. షేడ్ కార్డులో దీని పక్కనే ఉన్న శుభ్రమైన నీలాన్ని కావాలనే వదిలేశాను. సున్నంలో నీలిమందు ఎక్కువ పడిన గోడలా అది గోడంతా పరుచుకుని అరుస్తుంది. గోడ రంగు ఎప్పుడూ కార్డు మీది ముక్క కంటే ఒక మెట్టు ఎక్కువ గాఢంగా కనిపిస్తుంది. అందుకే కార్డులో ‘కొంచెం నీరసంగా ఉందే’ అనిపించేదే గోడకు సరైనది.

ఇక గది సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పొడవు 12 అడుగులు, వెడల్పు 10. కిటికీ పడమటి గోడకు, దక్షిణం మూలకు దగ్గరగా ఉంది. నేల తాండూరు బండలు, బూడిద నీలం రంగువి. ఉత్తరం గోడకు పాలపిట్ట నీలం, దక్షిణం గోడకు జాజు వేయించాను. తూర్పు, పడమర గోడలు, పైకప్పు తెలుపు. నిలువుటద్దం చక్రాల స్టాండు మీద ఉంటుంది కనుక ఏ గోడ దగ్గరకైనా జరపవచ్చు. ఈ రెండు రంగులనూ నిజంగా పోల్చి చూడగలిగింది ఆ చక్రాల వల్లే.

ఉత్తరపు గదికి ఈ రంగు, దక్షిణపు గదికి ఆ రంగు అని చెప్పే సలహాలు చాలావరకు చలి దేశాల సూర్యుణ్ని చూసి రాసినవి. అవి మనకు సరిపోవు. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఎండాకాలం సాయంత్రాల్లో పడమటికి కాస్త ఉత్తరంగా దిగుతాడు కాబట్టి, ఆ ఎండ ఏటవాలుగా వచ్చి నా జాజు గోడ మీద పడుతుంది. డిసెంబరులో దక్షిణంగా దిగుతాడు, అప్పుడు నీలం గోడకు తగులుతుంది. ఏ గోడకు ఏ కాలంలో ఎండ తగులుతుందో చూసుకోకుండా రంగు నిర్ణయించవద్దని గట్టిగా చెబుతాను.

మే నెలలో నాలుగు దాటాక జాజు గోడను చూడాలి. వెలుగు దాని మీద పడి వెనక్కి చిమ్మినప్పుడు గదంతా కుంకుమ చల్లినట్టు అవుతుంది. చూడటానికి అద్భుతం. అత్తమ్మ ఆ వేళకు కావాలనే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కానీ బల్ల మీద పరిచిన తెల్ల మల్లు గుడ్డ అప్పుడు గులాబీ ఛాయకు తిరుగుతుంది. లేత నీలం చీర బూడిదగా కనిపిస్తుంది. గంధం రంగుకూ మీగడ రంగుకూ తేడా పోతుంది. అస్తరు మ్యాచింగ్ ఆ వేళలో చేస్తే మర్నాడు పొద్దున విప్పాల్సిందే. నేను ఆ సమయానికి కిటికీ పరదా వేసేస్తాను, మ్యాచింగ్ పనులన్నీ పొద్దుటి పూట తెల్ల గోడ పక్కనే పెట్టుకుంటాను. ముదురు ఎరుపు గోడకు ఉన్న అసలు గుణం ఇది: తన రంగును తన దగ్గరే ఉంచుకోదు, ఎదురుగా ఉన్న ప్రతి దానికీ పూస్తుంది.

నీలం గోడ కూడా రంగు చిమ్ముతుంది, కానీ చాలా తక్కువ. బూడిద కలిసిన రంగు కదా. డిసెంబరు ఎండ నేరుగా తగిలినప్పుడు కూడా దాని ముందు తెల్ల గుడ్డ తెల్లగానే ఉంటుంది, కొంచెం చల్లబడినట్టు మాత్రం కనిపిస్తుంది. నా కుట్టు మిషను దానికి ఎదురుగా ఉంది. ఎడమ వైపు కిటికీ, కళ్లు ఎత్తితే నీలం. ఈ గోడను నేను ప్రేమించడానికి కారణం అక్కడే ఉంది. బతుకమ్మ, దసరా రోజుల్లో గంటల తరబడి ఎర్ర పట్టు మీద కళ్లు పెట్టి కుడతాం. తల ఎత్తి తెల్ల గోడ వైపు చూస్తే పచ్చటి మచ్చలు కళ్ల ముందు తేలుతాయి. అది కంటి జబ్బు కాదు, ఎరుపును పసిగట్టే కణాలు అలసిపోతే దాని ఎదురు రంగు కాసేపు కనిపిస్తుంది. ఆసుపత్రుల్లో ఆపరేషన్ గది దుస్తులు పచ్చగానో నీలంగానో ఉండటానికి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. నీలి పచ్చ గోడ మీద ఆ మచ్చ కలిసిపోతుంది. ఇంతకు ముందు తెల్ల గోడ ఉన్నప్పుడు సాయంత్రానికి కణతలు లాగేవి, ఇప్పుడు ఆ బాధ తగ్గింది. ఇది నా ఒక్కదాని అనుభవమే అయినా, నాకు మాత్రం ఈ రంగు ఖర్చు అక్కడే తీరిపోయింది.

ఇప్పుడు అద్దం దగ్గరకు వద్దాం. ట్రయల్‌కు వచ్చిన మనిషి అద్దంలో తన వెనక గోడను చూస్తుంది, ఆ గోడతో పోల్చుకునే తన ఒంటి రంగునూ చీర రంగునూ చూసుకుంటుంది. అద్దాన్ని నీలం గోడ దగ్గర పెడితే ఆమె వెనక జాజు వస్తుంది. అప్పుడు ఆకుపచ్చ చీర రెట్టింపు పచ్చగా వెలుగుతుంది. నల్ల రవిక అంచులు చాకుతో కోసినంత స్పష్టంగా తెలుస్తాయి. కానీ మెరూన్ చీర గోడలో కలిసిపోతుంది, చామనఛాయ ముఖం కాస్త వాడినట్టు కనిపిస్తుంది. “అక్కా, ఈ రంగు నాకు నప్పలేదేమో” అని మెరూన్ పట్టు తెచ్చిన ఒక అమ్మాయి దిగులుపడింది. అద్దాన్ని జాజు గోడ వైపుకు జరిపి, ఆమె వెనక నీలం వచ్చేటట్టు నిలబెట్టాను. అదే చీర, అదే అమ్మాయి. మెరూన్ లేచి నిలబడింది, జరీ బంగారం బంగారంలా కనిపించింది, బుగ్గల్లోకి రంగు వచ్చింది. జాజు గోడ అప్పుడు ఆమెకు ఎదురుగా ఉంది కనుక దాని వెచ్చటి ఛాయ కూడా ముఖం మీద కొద్దిగా పడింది. ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు, కొలతల సంగతి మాట్లాడింది.

ఈ సంగతిని సుమారు రెండు వందల ఏళ్ల కిందటే ఒకాయన పట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో గోబెలాఁ అనే ప్రసిద్ధ నేత కర్మాగారంలో రంగుల అద్దకానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్ల నూలు నల్లగా లేదు, అద్దకంలో లోపం ఉందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే నల్ల రంగులో ఏ లోపమూ లేదు. దాని పక్కన నేసిన రంగు వల్ల కంటికి అలా కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో పరిశోధించి 1839లో ప్రచురించాడు. బట్టతో బతికేవాళ్లందరికీ ఆయన చెప్పింది రోజూ అనుభవమే.

అంత దూరం కూడా పోనక్కర లేదు. చేర్యాల నకాశీ బొమ్మల పటాలు చూడండి, వెనకంతా ఎరుపు నింపుతారు. ఆ ఎరుపు మీద నీలి రంగు దేవుడు ఎదురుగా నడిచి వచ్చినట్టు ఉంటాడు. 1213 నాటి రామప్ప గుడిలో ఎర్రటి ఇసుకరాతి మీద నల్లరాతి మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, ఎంత దూరం నుంచైనా కళ్లను లాగుతాయి. ఎరుపు వెనక ఉంటే నలుపు, నీలం, పచ్చ గెలుస్తాయి. నీలం వెనక ఉంటే ఎరుపు, పసుపు, బంగారం, మన ఒంటి చామనఛాయ గెలుస్తాయి. నా దగ్గరకు వచ్చే చీరల్లో ఎక్కువ భాగం మెరూన్, కుంకుమ, తంగేడుపూవు పసుపు, జరీ అంచులు. అందుకని అద్దం ఇప్పుడు జాజు గోడ దగ్గరే స్థిరపడింది, వెనక నీలం వచ్చేలా. పచ్చ చీరలు వచ్చినప్పుడు మాత్రం అటు జరుపుతాను.

సాయంత్రం దీపాలు వేయకముందు మరో వింత జరుగుతుంది. చీకటి పడుతున్న కొద్దీ జాజు గోడ త్వరగా నల్లబడిపోతుంది, నీలం గోడ మాత్రం ఇంకా వెలుగు మిగుల్చుకుని ఉంటుంది. పగలు ఎరుపే ముందుకు వచ్చినట్టు ఉండేది, ఇప్పుడు తారుమారు. మసక వెలుతురులో కన్ను ఎరుపు కంటే నీలి పచ్చనే బాగా పట్టుకుంటుందని పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దం తొలి రోజుల్లోనే గమనించాడు. దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. కరెంటు పోయినప్పుడు నీలం గోడ వైపు కూర్చుంటే కత్తెర, సూది దొరుకుతాయి. జాజు వైపు అన్నీ నీడలో కలిసిపోతాయి.

దీపాల విషయంలో జాజు చాలా పట్టింపు మనిషి. తెల్లటి ట్యూబులైటు, అంటే పెట్టె మీద 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) అని రాసి ఉండేది వేస్తే, జాజు ఎండిన బురద రంగుకు పడిపోతుంది. 3000 కెల్విన్ పసుపు వెలుగులో తిరిగి ప్రాణం పోసుకుంటుంది. నీలం సరిగ్గా దీనికి తలకిందులు. పసుపు వెలుగులో కొంచెం బూజు పట్టిన ఆకుపచ్చలా మారుతుంది, తెల్ల వెలుగులో హాయిగా ఉంటుంది. నేను రెంటికీ మధ్యన 4000 కెల్విన్ దీపం తీసుకున్నాను. అంతకంటే ముఖ్యమైనది వస్తువుల రంగులను దీపం ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే, పెట్టె మీద ఉండే సీఆర్‌ఐ అంకె. అది 80 ఉన్న ఎల్‌ఈడీలు సాధారణంగా ఎరుపును సరిగా చూపించవు. 90 దాటినవి ఖరీదెక్కువే, కానీ వాటి కింద కుంకుమ ఎరుపు, రాణి రంగు, మెరూన్ మూడూ మూడుగా తెలుస్తాయి. బట్టల పనివాళ్లు రంగు డబ్బాకు పెట్టే డబ్బులో కొంత ముందు దీపానికి పెట్టాలని నా అభిప్రాయం.

ఎరుపు వేస్తే గది వేడెక్కుతుంది, వరంగల్ ఎండల్లో భరించలేమని చాలామంది బెదిరించారు. లోపలి గోడ రంగుకు గది ఉష్ణోగ్రతతో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. వేడి వచ్చేది పైకప్పు నుంచి, ఎండ తగిలే బయటి గోడల నుంచి, కిటికీ నుంచి. ఇంటి పైన డాబాకు వేసే తెలుపు, బయటి గోడ రంగు, ఇవి లెక్కలోకి వస్తాయి. రెండు గోడల దగ్గరా థర్మామీటరు పెట్టి చూశాను, అంకెలో తేడా లేదు. వెలుతురులో మాత్రం తేడా ఉంది. ముదురు రంగు వెలుతురును మింగేస్తుంది. రంగు వెనక్కి ఇచ్చే వెలుతురు శాతాన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. మంచి తెలుపుకు అది 85 చుట్టుపక్కల ఉంటుంది, జాజు లాంటి ముదురు మట్టి రంగుకు అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. చిన్న కిటికీ ఉన్న గదిలో నాలుగు గోడలకూ జాజు వేస్తే పగలే దీపం పెట్టుకోవాలి. ఒక్క గోడకు అయితే నిశ్చింతగా వేయండి.

ఇక పని, ఖర్చు. “ఎరుపంటే నాలుగు పూతలు పడతాయక్కా, చూసుకోండి” అని మేస్త్రీ ముందే హెచ్చరించాడు. ఆ మాట నిగనిగలాడే పండు మిరప ఎరుపుకు నిజం, అందులోని రంగు పొడికి గోడను కప్పే శక్తి తక్కువ. ఐరన్ ఆక్సైడ్‌కు కప్పే గుణం బాగా ఎక్కువ. ప్రైమరు మీద రెండో పూతకే జాజు నిండింది, మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. నీలం కూడా రెండు పూతలే. మంచి ఎమల్షన్ అయితే లీటరు రెండు పూతలకు 100 నుంచి 140 చదరపు అడుగుల వరకు వస్తుంది కాబట్టి, నా ఒక్కో గోడకు లీటరు పైన కొంచెం పట్టింది.

ఆ ‘కొంచెం’ దగ్గరే చిక్కు వచ్చింది. నీలానికి రెండో డబ్బా తెప్పిస్తే, అదే దుకాణం, అదే నంబరు, అయినా మిషను కలిపిన రంగు ఒక వెంట్రుకవాసి పచ్చగా తేలింది. దుకాణంలో “ఆరితే కలిసిపోతుంది” అన్నారు. కలవలేదు. మేస్త్రీ మంచివాడు కనుక రెండు డబ్బాలనూ ఒకే బకెట్‌లో పోసి బాగా కలిపి, గోడంతా మళ్లీ ఒక పూత వేశాడు. అలాంటి పనివాడు దొరకడం అదృష్టం. మీరు ఒకటి కంటే ఎక్కువ డబ్బాలు తీసుకుంటే మొదటి రోజే అన్నీ ఒకే బకెట్‌లో కలపమని చెప్పండి.

లప్పం పని ఎలా ఉందో జాజు గోడ దాచిపెట్టదు. కిటికీ వెలుగు పక్క నుంచి పడుతుంది కాబట్టి, ఉప్పు కాగితంతో సరిగా రుద్దని ప్రతి గీత సాయంత్రం పూట లేచి కనిపిస్తుంది. నీలం కొంత మన్నిస్తుంది. వాడకంలోనూ అంతే. చాక్‌పీసు చెయ్యి జాజుకు తగిలితే తెల్లగా అచ్చు పడుతుంది. తడి గుడ్డతో తుడిస్తే సుద్ద పోతుంది కానీ, మెరుపు లేని రకం కావడంతో గట్టిగా తుడిచిన చోట గుండ్రంగా నున్నబడుతుంది. కుర్చీ వీపు రాసుకునే ఎత్తులో ఇప్పటికే ఒక పట్టీ మెరుస్తోంది. జాజు వేసేవాళ్లు కొంచెం మెరుపు ఉన్న రకం తీసుకుంటే ఈ బాధ ఉండదు, అయితే లప్పం లోపాలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. ఏదో ఒకటి ఒప్పుకోవాలి. వానాకాలంలో కింది అడుగు మేర చెమ్మ ఎక్కి ఉప్పు పువ్వులా పొంగింది. రెండు గోడలకూ పొంగింది, కానీ జాజు మీద తెల్లగా అల్లంత దూరం నుంచే కనిపించింది. చెమ్మ పట్టే గోడ అయితే ముందు దాన్ని బాగు చేయించి, ఆ తర్వాతే ముదురు రంగు మాట ఎత్తండి.

తాండూరు బండల నేల ఉన్న ఇళ్లకు ఒక మాట. బూడిద నీలం నేల మీద నాలుగు గోడలూ పాలపిట్ట నీలమైతే గది చన్నీళ్ల తొట్టిలా అనిపిస్తుంది. ఆ నేలకు జాజు ఒక గోడైనా కావాలి. నేను వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీ ఒకటి మధ్యలో పరిచాను, దానిలో ఎరుపు, నీలం రెండు చారలూ ఉన్నాయి, రెండు గోడలూ దాని దగ్గర మాట కలిపాయి.

రెంటిలో ఒకటే చెప్పమంటే, పని గదికి నీలం. కళ్లతో పని చేసే ఎవరికైనా, కుట్టేవాళ్లకు, మగ్గం పని చేసేవాళ్లకు, లెక్కలు రాసుకునేవాళ్లకు అదే చెబుతాను. అతిథులు కూర్చునే గదికి, సాయంత్రం మనుషులు చేరే చోటికి జాజు. దానికి సాటి రాగల రంగు నాకు ఇంకా కనబడలేదు, దాని ముందు మనుషులు కాస్త దగ్గరగా కూర్చుంటారు.

ఎంచుకునే ముందు కార్డు ముక్కను నమ్మకండి. చిన్న సీసా రంగు కొని, పెద్ద డ్రాయింగ్ షీటుకు అంచుల దాకా రెండు పూతలు వేయండి. చుట్టూ తెల్ల అంచు మిగిల్చితే రంగు ఉన్నదాని కంటే ముదురుగా కనిపిస్తుంది. ఆ షీటును గోడకు ఆనించి, ఆ గదిలో ఎప్పుడూ ఉండే మనిషిని దాని ముందు నిలబెట్టి, పొద్దున, నాలుగింటికి, దీపం కింద చూడండి. నచ్చిన డబ్బా కొన్నాక మూత మీద అంటించిన షేడ్ నంబరు చీటీని ఫోటో తీసి పెట్టుకోండి. మిగిలిన రంగును చిన్న సీసాలో నిండుగా పోసి, మూత బిగించి, ఎండ తగలని చోట దాచండి. కుర్చీ రాసుకున్న పట్టీకి నేను దాన్నే వాడబోతున్నాను. కాకపోతే ముదురు గోడ మీద అతుకు తెలిసిపోతుంది కాబట్టి ముక్కగా కాకుండా, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ వరుస మొత్తం ఒకేసారి వేయాలని మేస్త్రీ చెప్పాడు.